జర్మనీలో చదువు: వారమంతా క్లాసులు, వారాంతంలో ప్రయాణాలు. నెల్లూరు, ప్రకాశం విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

కావలి, కందుకూరు, నెల్లూరు, ఒంగోలు నుంచి జర్మనీకి మాస్టర్స్ చదవడానికి వెళ్లే పిల్లలు బయల్దేరే ముందు అడిగేవన్నీ వీసా ప్రశ్నలే. వెళ్లి కొన్ని నెలలయ్యాక ప్రశ్న మారుతుంది: "అన్నా, నాకు క్లాసులకే టైము చాలట్లేదు. మిగతా వాళ్లు ప్రతి శనివారం ఎట్టా తిరుగుతుండారు?"

దీని వెనక ఇంకో బాధ కూడా ఉంటుంది. నాయన పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపించి ఉంటాడు. ఆ అప్పు మీద వచ్చి ఊళ్లు చూస్తూ తిరగడం తప్పేమో అని లోపల గుంజుతుంది. అందుకని కొందరు రెండేళ్లూ గది, క్యాంపస్ తప్ప ఏమీ చూడకుండా తిరిగొస్తారు. కొందరు ఇంట్లో చెప్పకుండా తిరిగి, ఫిబ్రవరిలో పరీక్షల దగ్గర చతికిలబడతారు. నా మాట ఒక్కటే: తిరగడం తప్పు కాదు, దాచిపెట్టి తిరగాల్సిన పనీ లేదు. సోమవారం నుంచి గురువారం దాకా వారాన్ని సరిగ్గా కట్టుకుంటే శనివారం దానంతటదే ఖాళీ అవుతుంది. ఆ కట్టుకోవడం ఎలాగో ఇక్కడ వరసగా చెబుతాను. నేను చదివింది ఆఖెన్‌లో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. మీరు మ్యూనిక్‌లో ఉన్నా డ్రెస్డెన్‌లో ఉన్నా పద్ధతి ఇదే.

ముందు క్యాలెండర్

టికెట్ల యాప్ తెరిచే ముందు యూనివర్సిటీ క్యాలెండర్ తెరవండి. శీతాకాలం సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు మాత్రం అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి మొదటి సగంలో అయిపోతాయి. వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30. అందులో క్లాసులు ఏప్రిల్ మధ్య నుంచి జులై రెండో సగం దాకా. మిగిలిన నెలలను సెలవులు అనుకునేరు. పరీక్షలు, ల్యాబ్ బ్లాకులు, ప్రాజెక్టు రిపోర్టులు చాలావరకు అక్కడే పడతాయి.

ఒక పెద్ద కాగితం మీద ఆరు నెలలూ గీసి గోడకు అంటించండి. ఫోన్ క్యాలెండర్ ఒక్కటే పెట్టుకుంటే మొత్తం ఒక్కచోట కంటికి ఆనదు. దాని మీద ఎర్ర పెన్నుతో పరీక్షలకు రిజిస్టర్ చేసుకునే గడువు, పరీక్ష తేదీలు, ల్యాబ్ రోజులు రాయండి. పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకోవాలన్న సంగతి మన కాలేజీల నుంచి వెళ్లిన వాళ్లకు కొత్త. సెమిస్టరంతా క్లాసులకు వెళ్లినా, గడువు దాటితే పరీక్ష హాల్లో మీ పేరు ఉండదు.

ఇప్పుడు ఆకుపచ్చ పెన్ను తీసుకుని ప్రభుత్వ సెలవులు గుర్తించండి. ఇక్కడే అసలు లాభం ఉంది. మే, జూన్ నెలల్లో వచ్చే క్రీస్తు ఆరోహణ దినం ఎప్పుడూ గురువారమే. ఆఖెన్ ఉన్న నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండుగ కూడా సెలవే, అదీ గురువారమే. శుక్రవారం క్లాసు లేకుండా చూసుకుంటే నాలుగు రోజులు కలిసొస్తాయి. పెంతెకొస్తు సోమవారం సెలవు. కొన్ని యూనివర్సిటీల్లో ఆ వారమంతా క్లాసులుండవు. పైగా జూన్‌లో రాత్రి దాదాపు పదింటి దాకా వెలుతురుంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అందుకే పెద్ద ప్రయాణాలన్నీ మే, జూన్‌లకు ఉంచుకోమంటాను. సంక్రాంతికి అక్కడ సెలవుండదని ఇప్పుడే మనసుకు చెప్పుకోండి. జనవరి అంటే పరీక్షల ముందు నెల.

క్రెడిట్ల లెక్క

మామూలుగా రెండేళ్ల మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. జర్మనీలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల పని కింద లెక్క. అంటే ఆరు నెలల్లో 900 గంటలు, వారానికి 35 గంటల చొప్పున. ఇందులో క్లాసులో కూర్చునేది సగం కూడా ఉండదు, మిగతాదంతా సొంత చదువే. మొదటి వారాల్లో టైమ్‌టేబుల్ ఖాళీగా కనబడి మోసం చేసేది ఇందుకే.

మొదటి సెమిస్టర్‌లో 24 క్రెడిట్లు చాలు. ఆఖరి సెమిస్టర్‌లో థీసిస్‌కు 30 పోతే మిగతావి 90. మొదట 24 తీసుకుంటే, తర్వాతి రెండు సెమిస్టర్లలో 33 చొప్పున తీసుకుని సరిచేసుకోవచ్చు. మీ కోర్సు నిబంధనల్లో కనీస క్రెడిట్ల షరతు ఉందేమో మాత్రం చూసుకోండి. మొదటి సెమిస్టర్ అంటే కొత్త భాష, కొత్త వంట, ఇల్లు మారిన రెండు వారాల్లో అడ్రస్ రిజిస్ట్రేషన్, రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్, అన్నీ ఒకేసారి మీద పడే కాలం. ఆ ఆరు క్రెడిట్ల ఊపిరి అవసరం.

మార్కులు 1.0 నుంచి మొదలవుతాయి, 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 దాకా పాసు. ఒక పరీక్ష రాయడానికి చాలా యూనివర్సిటీల్లో మూడు అవకాశాలే ఇస్తారు. మూడోసారీ పోతే ఆ కోర్సులోంచి పేరు తీసేసే పరిస్థితి వస్తుంది. మన దగ్గర బ్యాక్‌లాగ్‌లు పేర్చుకుని చివర్లో క్లియర్ చేసే అలవాటుంటే దాన్ని విమానం ఎక్కకముందే వదిలేయండి.

శుక్రవారాన్ని కాపాడుకోవడం

ఒక సబ్జెక్టుకు సాధారణంగా లెక్చర్ ఉంటుంది, దానికి తోడు లెక్కలు చేయించే ఊబుంగ్ ఉంటుంది, కొన్నిటికి ల్యాబ్. లెక్చర్‌కు చాలాచోట్ల హాజరు తీసుకోరు. ల్యాబ్‌కూ సెమినార్‌కూ తప్పనిసరి. ఊబుంగ్‌కు చాలాసార్లు రెండు మూడు గ్రూపులుంటాయి. రిజిస్ట్రేషన్ తెరుచుకున్న రోజే లాగిన్ అయి మంగళ, బుధవారాల గ్రూపు పట్టుకోండి. ఆలస్యమైతే మిగిలేది శుక్రవారం సాయంత్రం గ్రూపే. టైమ్‌టేబుల్‌లో 10 పక్కన "సి.టి." అని ఉంటే క్లాసు 10:15కి, "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా పదికే.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట. సోమవారం పొద్దున ఇవ్వాల్సిన ఊబుంగ్ షీట్‌ను గురువారం రాత్రికి పూర్తి చేయండి. అర్థం కానిది ఏదైనా ఉంటే శుక్రవారం ట్యూటర్‌ని అడగొచ్చు. ఆదివారం రాత్రి పదకొండింటికి రైలు దిగి షీట్ తెరిస్తే అడగడానికి ఎవరూ ఉండరు, మర్నాడు వాట్సాప్ గ్రూపులో ఎవరిదో చూసి రాయాల్సి వస్తుంది. అలా రాసిన షీట్లు పరీక్షకు ఎందుకూ పనికిరావు.

మంగళవారం షీట్ రాగానే ఒకసారి పూర్తిగా చదివి, తెలిసిన లెక్కలు ఆ రోజే చేసేయండి. తెలియనివి మనసులో నానుతుంటే బుధవారం లైబ్రరీలో పుస్తకం తీసినప్పుడు దారి దొరుకుతుంది. గురువారం సాయంత్రం ఇద్దరు ముగ్గురు కూర్చుని సరిచూసుకోండి. ఆ ముగ్గురూ తెలుగువాళ్లే కాకుండా చూసుకుంటే భాష కూడా కలిసొస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటి పనులకు. ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు, రైల్వే స్టేషన్లలో ఉండే కొన్ని తప్ప. శనివారం ప్రయాణం పెట్టుకున్నవాళ్లు శుక్రవారమే పాలు, కూరగాయలు, బియ్యం తెచ్చుకోకపోతే సోమవారం దాకా ఏమీ దొరకదు. బట్టలు ఉతుక్కోవడమూ అప్పుడే. రాత్రి పది దాటాక వాషింగ్ మెషిన్ వేస్తే పక్కింటి వాళ్లు వచ్చి తలుపు కొడతారు.

పార్ట్‌టైమ్ పని గురించి. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. మనవాళ్లలో చాలామంది శని, ఆదివారాల్లో గోడౌన్ షిఫ్టులు పట్టుకుంటారు. ఇంటి మీద భారం తగ్గించాలన్న ఆ తపన నాకు అర్థమవుతుంది, దాన్ని తక్కువ చేయను. కానీ వీలైతే యూనివర్సిటీలోనే ప్రొఫెసర్ దగ్గర హివి (విద్యార్థి సహాయకుడి) పని వెతకండి. అది వారం మధ్యలో క్లాసుల నడుమ సర్దుకుంటుంది, వారాంతం మీకే మిగులుతుంది, చదివే సబ్జెక్టుకూ దగ్గరగా ఉంటుంది.

డబ్బు, టికెట్

వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే వేసిన డబ్బును నెలనెలా కొంత చొప్పునే ఇచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపిస్తారు. నెలకు చేతికొచ్చేది 992. అద్దె, ఇన్సూరెన్స్, తిండి పోగా మిగిలిన దాంట్లోంచే ప్రయాణం. నెల మొదట్లోనే ఒక మొత్తం పక్కన పెట్టి, అది అయిపోతే ఆ నెలకు ఆపేయండి. నా సలహా వంద యూరోలు దాటవద్దని. రీజనల్ రైళ్లలో తిరిగితే అది చాలు.

రీజనల్ రైళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలైంది, 2025 జనవరిలో 58, 2026 జనవరిలో 63 అయింది. దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, ఎస్-బాన్ అనే నగర లోకల్ రైళ్లు, ఆర్‌బీ, ఆర్‌ఈ రైళ్లలో చెల్లుతుంది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఇదే టికెట్ సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది, అదీ మామూలు ధరలో 60 శాతానికే. మీ ఫీజు రసీదులో ఉందో లేదో చూడకుండా విడిగా కొనకండి. ఐసీఈ, ఐసీ లాంటి దూరప్రాంతపు రైళ్లలో ఇది చెల్లదు. పొరపాటున ఎక్కినా "తెలియదండీ" అంటే వినరు. టికెట్ లేకుండా దొరికితే కనీసం 60 యూరోలు కట్టాలి.

దూరం ఎంత పెట్టుకోవాలంటే: మనకు తెల్లవారుజామున రైలెక్కి చెన్నై పోయి, పని చూసుకుని, రాత్రికి నెల్లూరు చేరుకోవడం అలవాటే. ఒకవైపు సుమారు 175 కిలోమీటర్లు. అక్కడా ఒకరోజు ప్రయాణానికి దాదాపు ఆ దూరమే హద్దు అనుకోండి. అంతకు బాగా మించితే రాత్రి బస చేయాలి, ఖర్చూ అలసటా రెండూ పెరుగుతాయి.

మొదటి శనివారాలు

మొదటి నెల మీ ఊరే చూడండి. ఇది చాలామంది దాటేస్తారు. ఆఖెన్‌లో శార్లెమేన్ చక్రవర్తి కట్టించిన ప్రార్థనాలయం ఉన్న కెథడ్రల్ 1978లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. జర్మనీ నుంచి అందులో చేరిన మొట్టమొదటి కట్టడం అదే. దాని ముందు నుంచే రోజూ క్లాసుకు పోతూ రెండేళ్లు లోపలికి అడుగుపెట్టని వాళ్లు నాకు తెలుసు. ఊరి అంచున జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం కలిసే చోటు ఉంది. అక్కడి గుట్ట ఎత్తు 322 మీటర్లే. యూరప్‌లో ఉన్న నెదర్లాండ్స్ భూభాగంలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. బస్సు దిగి నడిచి వెళ్లి రావచ్చు.

తర్వాత గంట దూరం. ఆఖెన్ నుంచి ఆర్‌ఈ-1లో కొలోన్ దాదాపు గంట. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగానే కెథడ్రల్, 157 మీటర్లు. 1248లో పునాది వేస్తే 1880లో పూర్తయింది. దక్షిణ గోపురానికి 533 మెట్లు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే ఇరుకు మెట్ల మీద తిరగాలి కాబట్టి పెద్ద బ్యాగు వేసుకుని ఎక్కకండి. మొదటి ప్రయాణానికి కొలోన్ మంచిది: రైలు తప్పిపోయినా కాసేపట్లో ఇంకోటి ఉంటుంది.

ఆ తర్వాత రైన్ నది ఒడ్డు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఒకరోజు ప్రయాణం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. పొద్దున ఏడింటికి బయల్దేరి కొలోన్‌లో మారండి, అక్కణ్ణుంచి కోబ్లెంజ్, కోబ్లెంజ్ నుంచి మైన్జ్ వైపు పోయే ఆర్‌బీ-26. ఎడమ వైపు కిటికీ పట్టుకోండి. రైలు నదికి పడమటి ఒడ్డున దక్షిణంగా పోతుంది కాబట్టి నీళ్లన్నీ ఎడమ పక్కే. బొప్పార్డ్ దగ్గర నది పెద్ద మలుపు తిరుగుతుంది. సాంక్ట్ గోవార్ దాటగానే అవతలి ఒడ్డున లోరెలై రాతికొండ నిటారుగా లేస్తుంది, సుమారు 130 మీటర్లు. ఇంకాస్త ముందుకు పోతే కావుబ్ ఎదురుగా నది మధ్యలో చిన్న దీవి మీద తెల్లటి కోట, పడవలు దాన్ని తప్పుకుంటూ పోతుంటాయి. పదకొండు ప్రాంతానికి బాఖరాఖ్‌లో దిగి, కర్రలు బిగించి కట్టిన పాత ఇళ్ల మధ్య నడిచి, పైన ద్రాక్షతోటల దాకా ఎక్కండి. సాయంత్రం అదే దారిలో తిరుగు ప్రయాణం, ఈసారి కుడి వైపు కిటికీ. ఈ లోయ 2002 నుంచి ప్రపంచ వారసత్వ ప్రదేశం. టికెట్ చేతిలో ఉంటే రైలుకు అదనంగా ఒక్క యూరో కూడా పెట్టక్కర్లేదు.

గురువారం రాత్రి చూడాల్సినవి

షీట్ పూర్తయ్యాక జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో శనివారం దారి చూడండి. లోకల్ రైళ్లు మాత్రమే చూపించేలా పెట్టుకోండి, లేదంటే ఐసీఈలు కలిపి చూపిస్తుంది. రైళ్లు ఆలస్యం కావడం జర్మనీలో మామూలే, కాబట్టి రైలు మారడానికి నాలుగైదు నిమిషాలే ఉన్న దారి తీసుకోకండి, పదిహేను నిమిషాలైనా ఉండాలి. వారాంతాల్లోనే ట్రాకు పనులు ఎక్కువ పెడతారు. అప్పుడు కొంత దూరం రైలు బదులు బస్సు వేస్తారు, గంట అదనం. ఆఖరి రైలు ఎప్పుడో చూసి, దానికి ముందున్న దానికి తిరిగిరావాలని అనుకోండి.

తిండి ఇంటి నుంచే. చింతపండు పులిహోర పొద్దున కలిపి డబ్బాలో పెట్టుకుంటే సాయంత్రం దాకా నిలుస్తుంది. కొళాయి నీళ్లు తాగొచ్చు కాబట్టి బాటిల్ ఉంటే చాలు. స్టేషన్ టాయిలెట్లకు చిల్లర నాణేలు ఉంచుకోండి. ముగ్గురు నలుగురు మించి గుంపు కట్టకండి. పదిమంది పోతే రోజంతా ఒకరి కోసం ఒకరు ఎదురుచూడటంతోనే సరిపోతుంది. పోయేటప్పుడు రైల్లో ఒక లెక్చర్ నోట్సు చదవండి. వచ్చేటప్పుడు పుస్తకం తీయకండి, కాళ్లు లాగుతున్నప్పుడు చదివింది తలకెక్కదు.

సరిహద్దు దాటేటప్పుడు

జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా వీసా లేకుండా తిరగొచ్చు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ లేవు, వాటికి వేరే వీసా కావాలి. పాస్‌పోర్టు, పర్మిట్ కార్డు రెండూ అసలువే జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫోటో సరిపోదు. 2024 సెప్టెంబర్‌లో జర్మనీ అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, రైల్లోకే పోలీసులు వచ్చి అడుగుతారు. వీసా గడువు అయిపోయి కార్డు ఇంకా చేతికి రాని మధ్యకాలంలో తాత్కాలిక కాగితం ఇస్తారు. దాంతో దేశం దాటొచ్చా అన్నది విదేశీయుల ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే కదలండి.

మీ టికెట్ సరిహద్దు అవతల ఎక్కడిదాకా చెల్లుతుందో రూటును బట్టి మారుతుంది. లక్సెంబర్గ్ లోపల మాత్రం 2020 నుంచి బస్సులు, ట్రాములు, సెకండ్ క్లాస్ రైళ్లు అందరికీ ఉచితం. స్విట్జర్లాండ్‌లో ఫోన్ డేటా ఆపేయండి, అక్కడ యూరోపియన్ యూనియన్ రోమింగ్ నియమం లేదు. ఇన్సూరెన్స్ కార్డు వెనక యూరోపియన్ హెల్త్ కార్డు ఉంటుంది. మన పాస్‌పోర్టుతో అది అన్ని దేశాల్లోనూ పనిచేయదు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఒక మెయిల్ పెట్టండి.

ఇంటికి చెప్పడం

చలికాలంలో మనకూ జర్మనీకీ తేడా నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర. ఆదివారం అక్కడ పొద్దున పదకొండింటికి చేస్తే ఇక్కడ భోజనాలు అయి అందరూ ఇంట్లో ఉంటారు. "ఏంది నాయనా, మళ్లీ యాడికి పోతుండావు?" అని అమ్మ అడిగితే ఊరి పేరు, ఎవరితో పోయిందీ, ఎంత ఖర్చయిందీ చెప్పేయండి. టికెట్ ఫీజులోనే ఉందనీ, పులిహోర డబ్బా కట్టుకుని పోయాననీ తెలిస్తే ఆమె టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ వారం షీట్ ఎప్పుడు ఇచ్చారో కూడా చెప్పండి, నాయనకు కావాల్సిన సమాధానం అది. చెప్పకుండా పోయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో పెడితే, ఒంగోలులో ఉన్న మేనమామ ద్వారా ఇంటికి తెలుస్తుంది. అప్పుడు ఎంత చవగ్గా పోయొచ్చినా ఎవరూ నమ్మరు.

పరీక్షల నెల, ఆ తర్వాత

మొదటి పరీక్షకు ఐదు వారాల ముందు నుంచి ప్రయాణాలు ఆపేయండి. ఆ రోజుల్లో శనివారం పొద్దున పాత ప్రశ్నాపత్రం గడియారం పెట్టుకుని రాయండి, మధ్యాహ్నం ఊళ్లోనే నడవండి. ఆఖరి పరీక్ష అయ్యాక వచ్చే ఖాళీ వారాలకు ప్రాగ్, వియన్నా లాంటి దూరాలు. ఇంటికి రావాలన్నా అప్పుడే వీలు.

ఆ దూర ప్రయాణానికి బ్యాగు సర్దే ముందు ఒక పని చూడండి. తర్వాతి సెమిస్టర్‌కు ఫీజు కట్టి రీ-రిజిస్టర్ చేసుకునే గడువు చాలాచోట్ల సరిగ్గా ఈ ఖాళీలోనే పడుతుంది. అది దాటితే ఆలస్యపు రుసుము కట్టాలి, ఇంకా ఆలస్యమైతే యూనివర్సిటీ మీ పేరే తీసేయొచ్చు, దాంతో పర్మిట్ కూడా చిక్కులో పడుతుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేరడానికి రెండు మూడు పనిరోజులు పడుతుంది కాబట్టి, బయల్దేరడానికి వారం ముందే కట్టి, పోర్టల్‌లో కొత్త సెమిస్టర్ సర్టిఫికెట్ కనబడిందో లేదో చూసుకుని ఒక కాపీ దించుకోండి.